లోడు దించినాక

చిత్తూరు దగ్గర మా ఆరోగ్య కేంద్రానికి నిన్న బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరును మద్యం గురించి పద్ధతి ప్రకారం అడిగాను. ఇన్నాళ్లూ ‘మందు అలవాటుందా?’ అని తలెత్తకుండా అడిగి, ‘లేదు మేడం’ అన్న జవాబును రాసుకుంటూ వచ్చిన తీరు ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

తాగుడు ఏ స్థాయిలో ఉందో అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. మొత్తం 40 మార్కులకు 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉందని అర్థం. ఆయనకు 13 వచ్చాయి. ‘రోజూ కాదు మేడం, తోతాపురి లోడు ఫ్యాక్టరీలో దించినాక మాత్రమే’ అన్న మనిషి, సీజనులో లోడు లేని రోజే ఉండదని తానే లెక్క వేసుకుని, చేతిలోని చీటీని మడతలు పెడుతూ ఉండిపోయారు. నేను మందలించలేదు, తాగుడుకూ బీపీకీ ఉన్న సంబంధం చెప్పి, ఎంత తగ్గించగలరో ఆయన్నే అడిగాను. పది నిమిషాలు పట్టలేదు.

20, ఆపైన వచ్చినవారికి ఈ కొద్ది మాటలు చాలవు, వారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. బాగా అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఆ డ్రైవరు వారానికి రెండు రోజులు మందు ముట్టనన్నారు. వచ్చే నెల మాత్రలకు వచ్చినప్పుడు మళ్లీ అడుగుతాను.