ముందు ఇంజెక్షన్, తర్వాతే విశాఖ

నాన్నకు గుండెపోటు వచ్చినప్పుడు ఫోన్లో చుట్టాలందరిదీ ఒకటే మాట, కారెక్కించి నేరుగా విశాఖ తీసుకుపొమ్మని. మాది నర్సీపట్నం, విశాఖకు రెండు గంటల దారి. అమ్మ మాత్రం ముందు ఊళ్లో ప్రభుత్వాసుపత్రికి పదమంది. ఆ మాటే నాన్నను నిలబెట్టిందని నా గట్టి నమ్మకం.

వెళ్లగానే ఈసీజీ తీసి, రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆస్పిరిన్ నమలమని, క్లోపిడోగ్రెల్ మింగమని ఇచ్చారు. రక్తనాళం మూసుకుపోయింది, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇక్కడే ఇచ్చేద్దాం అన్నారు డాక్టరు గారు. బయట కొంటే వేలల్లో ఉండే మందు, అక్కడ ఉచితంగా ఇచ్చారు. ఇచ్చేముందు మాత్రం బోలెడు ప్రశ్నలు: పక్షవాతం ఎప్పుడైనా వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, తలకు దెబ్బ తగిలిందా, కడుపులో పుండు ఉందా అని. ఆ మందుకు గుండెలో గడ్డ, వేరేచోట గడ్డ అన్న తేడా తెలియదు, వందలో ఒకరి దాకా మెదడులో రక్తస్రావం కావచ్చట. అది విన్నాక సంతకం పెట్టడానికి చేయి రాలేదు. "ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండరం చచ్చిపోతుందమ్మా, పోయింది మళ్లీ రాదు" అన్నారాయన. పెట్టేశాను.

డోసు బరువును బట్టి. నాన్న 72 కిలోలు, 40 మిల్లీగ్రాములు, నరంలోకి ఒక్కసారిగా, పది సెకన్లు కూడా పట్టలేదు. కాసేపటికి మానిటర్‌లో గుండె లయ తప్పి గీతలు అడ్డదిడ్డంగా వస్తే నాకు ప్రాణం పోయినంత పనైంది, నర్సమ్మ మాత్రం రక్తం మళ్లీ పారుతున్నప్పుడు అలా అవుతుందని ధైర్యం చెప్పింది. నొప్పి తగ్గింది. గంటన్నర తర్వాత తీసిన ఈసీజీలో, గుండెపోటుతో పైకి లేచిన గీత సగానికి పైగా దిగింది, అప్పుడు అంబులెన్స్‌లో విశాఖ పంపారు. మర్నాడు యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. గడ్డ కరిగినా నాళంలో సన్నబడిన చోటు అలాగే ఉంటుంది, అందుకే ఇంజెక్షన్‌తో పని అయిపోదు.

ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, గుండె పంపింగ్ 45 శాతం వచ్చింది, మామూలు కంటే కాస్త తక్కువ. మెటోప్రొలాల్, రామిప్రిల్ రాశారు, దెబ్బతిన్న గుండె సాగిపోకుండా కాపాడేవి ఇవేనట. రామిప్రిల్‌తో రాత్రంతా పొడిదగ్గు వస్తుంటే నాన్న మాత్ర మానేస్తానన్నారు. మాననివ్వకుండా డాక్టరు గారికి చెబితే దాని బదులు వాడే టెల్మిసార్టాన్‌కు మార్చారు, దగ్గు పోయింది.