పీ ఎక్కడుందమ్మా?

మన బ్యాచ్‌లో ఎవరిని నిద్రలేపి అడిగినా చెప్పే మాట ఇది. అనస్తీషియా పోస్టింగ్‌లో ఈసీజీ మానిటర్ ముందు నిలబెట్టి, మాకు పాఠం చెప్పిన మేడం మొట్టమొదట అడిగేది "పీ ఎక్కడుందమ్మా?" అనే. గుండె రేటు ఎంత, బీపీ ఎంత అన్నవి ఆ తర్వాతే. పీ అంటే ఈసీజీ గీతలో కర్ణికల, అంటే గుండె పై గదుల, కరెంటును చూపే చిన్న తరంగం.

ఈసీజీ గుండెను చూసే కోణాల్లో ఒకటైన లీడ్ టూలో పీ తరంగం పైకి లేచి, దాని వెంట క్రమం తప్పకుండా క్యూఆర్ఎస్ (కింది గదులైన జఠరికల కరెంటును చూపే పెద్ద తరంగం) వస్తోందంటే గుండె లయ గుండెకు సహజంగా లయనిచ్చే సైనస్ నోడ్ నుంచే నడుస్తోందన్నమాట. కర్ణికల్లో కరెంటు ప్రవహించే దిశకు లీడ్ టూ దాదాపు సమాంతరంగా ఉంటుంది కాబట్టి పీ అందులో బాగా కనబడుతుంది. తెర మీద ఇంకో గీతకు చోటుంటే ఛాతీ లీడ్ వి5 పెట్టించేవారు. గుండె కండరానికి రక్తం తగ్గితే క్యూఆర్ఎస్ తర్వాతి ఎస్టీ భాగంలో మార్పు అక్కడ బాగా పట్టుబడుతుంది. ఛాతీ వైరు ఐదో పక్కటెముకల సందులోనే ఉండాలి, అందాజాగా అంటిస్తే ఊరుకునేవారు కాదు. తిరుపతి మే నెల చెమటకు ఎలక్ట్రోడ్లు జారిపోయేవి. చర్మం తుడిచి, ఆరనిచ్చి అంటించడం కూడా చదువులో భాగమే అనేవారు.

సాయంత్రాలు అలిపిరి రోడ్డు టీ కొట్టు దగ్గర పాత ఈసీజీ కాగితపు స్ట్రిప్పులు పరుచుకునేవాళ్లం. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది, చిన్న గడి 0.04 సెకను. రెండు ఆర్‌ల (క్యూఆర్ఎస్ మొనల) మధ్య ఉన్న పెద్ద గడుల (ఒక్కోటి ఐదు చిన్న గడులు) సంఖ్యతో 300ని భాగిస్తే నిమిషానికి రేటు. 300, 150, 100, 75, 60 అని ఎక్కాల్లా వల్లించేవాళ్లం. లయ తప్పినప్పుడు ఈ లెక్క పనికిరాదని పలమనేరు నుంచి వచ్చిన స్నేహితురాలే ముందు కనిపెట్టింది. అప్పుడు ఆరు సెకన్ల స్ట్రిప్పులో క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి పదితో గుణించాలి.

ఆ ప్రశ్న విలువ నాకు నిజంగా తెలిసింది ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) చేరాకే. సెవోఫ్లోరేన్ లాంటి మత్తు వాయువు ఎక్కువైనప్పుడు ఒక్కోసారి పీ మాయమవుతుంది. క్యూఆర్ఎస్ సన్నగానే ఉంటుంది, రేటు కొంచెం తగ్గుతుంది. జంక్షనల్ రిథమ్ అది, అంటే సైనస్ నోడ్ బదులు కర్ణికలు, జఠరికలు కలిసే చోటు నుంచి నడిచే లయ. కర్ణికలు సరైన సమయంలో రక్తాన్ని నెట్టవు కాబట్టి బీపీ కూడా దిగవచ్చు. రేటు అంకె ఒక్కటే చూసేవాళ్లకు ఇది అందదు. పీ పోయిందని డాక్టర్ గారికి చెబితే చాలు, చాలాసార్లు మత్తు కాస్త తగ్గించగానే తిరిగి వస్తుంది. మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరం లాగినా, లాపరోస్కోపీలో పొట్టలోకి గ్యాస్ నింపినా గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం వల్ల రేటు ఉన్నట్టుండి పడిపోవచ్చు. ముందు సర్జన్‌ను ఆపమనాలి, రేటు పెంచే మందు అట్రోపిన్ సిద్ధంగా ఉంచాలి.

కాటరీ (కరెంటుతో కోసి, రక్తస్రావం ఆపే పరికరం) వాడుతున్నప్పుడు తెరంతా గజిబిజి. అప్పుడు పల్స్ ఆక్సీమీటర్ తరంగం చూడండి, వేలు నాడి మీద పెట్టండి. ఈసీజీ చెప్పేది కరెంటు సంగతే, గుండె రక్తాన్ని నెడుతోందో లేదో కాదు. తెర మీద తరంగాలు చక్కగా ఉండీ నాడి లేకపోవచ్చు, ఆ క్షణంలో సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే. జూనియర్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలని నా కోరిక.

ఒక విన్నపం. మేడం దాచమన్న పాత స్ట్రిప్పులు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, రోగి పేరు కనబడకుండా ఫోటో తీసి డిపార్ట్‌మెంట్‌కు పంపండి. థర్మల్ కాగితం మీద గీతలు వెలిసిపోతాయి, ఆలస్యం చేయకండి.