ఆదివారం ఇరవై మంది, గురువారం పెద్ద లైను

అమెరికా వచ్చిన అమ్మానాన్నలందరిదీ ఒకటే గోల. కారు నడపడం రాదు, బస్సు ఉండదు. పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోవాళ్లు ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతే సాయంత్రం దాకా గోడలతో మాట్లాడుకోవాలి. ఇక్కడ న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్లో ఉన్నవాళ్లు నయం, ఓక్ ట్రీ రోడ్డు మీద నాలుగు తెలుగు ముఖాలైనా కనబడతాయి. మా అల్లుడిది మందుల కంపెనీలో ఉద్యోగం కాబట్టి ఇల్లు హంటర్డన్ కౌంటీలో తీసుకున్నారు. 287 హైవే వదిలి 78 ఎక్కి పడమరగా పోతుంటే మన పచారీ కొట్లన్నీ అయిపోయి, మొక్కజొన్న చేలూ గుర్రాలూ మొదలవుతాయే, అక్కడ. రారిటన్ వ్యాలీ లైను రైలు హై బ్రిడ్జి దాకా ఉందన్నారు. తీరా చూస్తే శని, ఆదివారాల్లో రారిటన్‌లోనే ఆగిపోతుందట. సెలవురోజున రాని రైలు నాకెందుకు?

వచ్చినప్పటి నుంచీ అందరూ ఆకులు చూపించడమే. ఎర్రాకులు, పచ్చాకులు, వాటి ముందు నిలబడి ఫోటోలు. ఆకులు చూసి వస్తూ తాగిన కాఫీ ఐదున్నర డాలర్లు. మన డబ్బుల్లో నాలుగు వందల ఎనభై దాటింది, పైగా చల్లారిపోయి ఉంది. ఇక ఆకులు చాలమ్మా, నడిచి వెళ్లగలిగిన చోటేదైనా ఉంటే చెప్పు అని మా అమ్మాయిని అడిగితే, మూలమలుపులో ఉన్న రాతి చర్చి చూపించింది. ఎర్ర తలుపులు, ముందు చిన్న బోర్డు. ఎపిస్కోపల్ చర్చి.

మాది తెలంగాణలోని డోర్నకల్ డయాసిస్, అంటే డోర్నకల్ బిషప్ కింద ఉండే సంఘాలు. అందుకని ఇది నాకు మరీ పరాయిది కాదు. ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డాక ఇక్కడి ఆంగ్లికన్లకు, అంటే ఇంగ్లండు చర్చి వాళ్లకు, పెద్ద చిక్కు వచ్చిపడింది. బిషప్ కావాలంటే రాజుకు విధేయుణ్నని ప్రమాణం చేయాలి. అది కుదరక శామ్యూల్ సీబరీ అనే ఆయన స్కాట్లండులోని అబర్డీన్ వెళ్లి 1784లో బిషప్ అయి వచ్చాడు. మన అజరయ్యగారు 1912లో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్‌గా డోర్నకల్ వచ్చారు. వీళ్లూ మేమూ ఒకే ఇంటి నుంచి వేరుపడ్డ దాయాదులం అనుకుంటూ వెళ్లాను.

వెళ్లింది 2025 నవంబర్ 2న, సకల పరిశుద్ధుల ఆదివారం. చలికాలానికి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తెల్లవారుజామునే తిప్పారు. నేను చేరేసరికి, తిప్పడం మరిచిన ఒక పెద్దాయన గంట నుంచీ ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఏటా ఇంతేనట, ఎవరూ ఏమీ అనరు. ఆరాధన మొదలయ్యేసరికి ఇరవై మందిమి అయ్యాం. రెండు వందల మంది పట్టే గుడి అది. మా ఊళ్లో స్త్రీల మైత్రి కూటానికే ఇంతకు రెట్టింపు వస్తారు. డోర్నకల్ కెథడ్రల్‌లో పండగ ఆరాధనకు చెప్పులు విడిచిన చోట మళ్లీ దొరకవు. ఇక్కడ నా పక్కన, ముందు, వెనక అన్నీ ఖాళీ బెంచీలే. నాకు కొంచెం దిగులేసింది కూడా.

ఆరాధన క్రమం మాత్రం చూడక్కర్లేకుండా వచ్చేసింది. పాఠాలు, విశ్వాస ప్రమాణం, ఒప్పుకోలు, ఒకరికొకరు శాంతి కలగాలని సమాధానం చెప్పుకోవడం, ప్రభు భోజనపు బల్ల. చేతిలో ఎర్ర అట్ట ప్రార్థన పుస్తకం, 1979 నాటిది. సమాధానం చెప్పుకోవడానికి మన దగ్గర పక్కవాళ్లకు చేతులు జోడిస్తే సరి. ఇక్కడ ఇరవై మందీ ఇరవై మంది దగ్గరికీ వెళ్లారు. మోకాలి ఆపరేషన్ ఎవరికి ఎప్పుడో, ఎవరి కూతురికి ఉద్యోగం పోయిందో అన్నీ అప్పుడే తెలిసిపోయాయి. చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. మన వైపు ఆ రోజు సమాధుల పండుగ, సున్నాలు వేసి పూలు, కొవ్వొత్తులు పెడతాం. ఇక్కడ పేర్లు చదివి ఊరుకున్నారు. మా వారి పేరు నేను చీటీ మీద ఇంగ్లీషులో రాసిచ్చాను, ఆరాధన నడిపిన గురువమ్మగారు తడబడకుండా చదివింది.

అవును, గురువమ్మే. ఇక్కడ స్త్రీలకు గురుత్వం 1976లో వచ్చింది. మన సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, 2013లో నంద్యాలకు పుష్పలలితగారు బిషప్ అయ్యారని చెప్తే ఆమె చాలా సంతోషించింది. ఆమెది సగం జీతం ఉద్యోగం. ఈ కొద్దిమంది కానుకలతో పూర్తి జీతం ఇవ్వలేరు కాబట్టి మిగతా రోజుల్లో ఆసుపత్రిలో రోగుల దగ్గర ప్రార్థనలు చేసే పని చేస్తుంది. వచ్చే ఏడాది ఎంత ఇస్తారో ముందే రాసివ్వమని కార్డులు పంచారు. గుడిని వెచ్చబెట్టే బాయిలర్ పాతదైపోయిందని, దాని సంగతి సంఘ పెద్దల కమిటీలో తేల్చాలని చెప్పారు. పెద్దల కమిటీ, బాగుచేయాల్సిన పైకప్పు, చాలని కానుక, ఇవి ఏ దేశంలోనైనా ఒకటే. కాఫీ ఉచితం, వేడిగా ఉంది.

నాకు పనేమీ లేదని తెలిసి, వారంలో ఎప్పుడైనా రమ్మన్నారు. వెళ్లాను. సోమవారం తాళం, గురువమ్మగారికి సెలవు. బుధవారం మధ్యాహ్నం చిన్న ప్రభు భోజనం, ఆరుగురు, నూనె పూసి స్వస్థత ప్రార్థన. శనివారం ఇద్దరు ముసలమ్మలు బల్లగుడ్డ ఇస్త్రీ చేసి, వెండి గిన్నెలు తోమి, నాలుగు కొమ్మలు కూజాలో పెడతారు. సాయంత్రాలు కింది గదిలో తాగుడు మానుకోవాలనుకునేవాళ్ల ఏఏ మీటింగులు. వాళ్లు కొద్దిపాటి అద్దె కట్టి మరీ వాడుకుంటారు, ఎవరి దగ్గరా ఉచితంగా ఏదీ తీసుకోకూడదని వాళ్ల నియమమట. ఆదివారం కంటే ఆ కింది గదికే ఎక్కువ కాళ్లు వస్తాయి.

ఇక గురువారం, లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే రోజు. మూడింటికి తలుపు తీస్తారు. నేను ఒంటిగంటకు వెళితే అప్పటికే కార్లు రోడ్డు చివరిదాకా ఉన్నాయి. ఈ కౌంటీ అమెరికాలోనే బాగా డబ్బున్న కౌంటీల్లో ఒకటి. మా అల్లుడు ఇంటిపన్ను చెప్పినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. అలాంటి చోట బియ్యం కోసం లైనా? ఆ వారం మరీ ఎక్కువట. బడ్జెట్ ఆమోదం పొందక ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది, నవంబర్‌లో సరుకుల కోసం పేదల కార్డులో పడాల్సిన ఫుడ్ స్టాంపు డబ్బు సమయానికి పడలేదు. దేశం మొత్తం మీద నాలుగు కోట్ల పైచిలుకు మంది ఆ డబ్బు మీద సరుకులు కొంటారు. లైన్లో ఆసుపత్రి దుస్తుల్లో డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన ఆయా ఉంది. గడ్డి కోసే ట్రక్కుతో సహా వచ్చిన కుర్రాళ్లున్నారు. జీతం ఆగి నెల దాటిన ఫెడరల్ ఉద్యోగి ఒకాయన, కారు దిగలేక పది నిమిషాలు లోపలే కూర్చున్నాడు.

పనిచేసేవాళ్లలో సగం మంది ఆదివారం గుడికి వచ్చేవాళ్లు కాదు. రిటైరైన యూదు డాక్టరమ్మ, క్యాథలిక్ దంపతులు, స్కూల్లో సేవా గంటలు చూపించుకోవాల్సిన పిల్లలు. వచ్చినవాళ్లను ఇంట్లో ఎంతమంది, పిన్‌కోడ్ ఎంత అని మాత్రం అడిగారు. సంచీ కట్టి చేతిలో పెట్టరు, కొట్లోలాగా బల్లల వెంట నడిచి కావలసింది వాళ్లే తీసుకోవాలి. పాట లేదు, ప్రార్థన లేదు, కరపత్రం లేదు. మన దగ్గర ఐదు కిలోల బియ్యం సంచిని ఆరుగురు పట్టుకుని ఫోటో దిగుతారు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేదాకా తీసుకునేవాడు ఎండలో నిలబడతాడు. ఇక్కడ ఒక స్కూలు పిల్ల ఫోన్ తీయబోతే పెద్దామె కళ్లతోనే ఆపింది.

నన్ను బియ్యం, పప్పుల బల్ల దగ్గర నిలబెట్టారు. బియ్యం చకచకా పోయింది. పప్పు కదల్లేదు. ప్రభుత్వం ఇచ్చిన ఎండు బఠాణీ బద్దలు, మసూర్ లాంటి పప్పు, సంచులకు సంచులు. నాకు ఒళ్లు మండింది. కందిపప్పు నాలుగు పౌండ్లకు తొమ్మిది డాలర్లు పోసి ఎడిసన్ నుంచి తెచ్చుకుంటున్నాం మేము, వీళ్లు ఉచితంగా ఇస్తే వద్దంటారా? చిన్నప్పుడు మా అమ్మ అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి గుడి కుండలో వేసేది. కోత పండుగకు తెచ్చిన గుమ్మడికాయ గుళ్లో వేలం పాడితే పోటీపడి కొనేవాళ్లం. ధాన్యం కళ్లెదుట పడి ఉంటే నాకు ఊరుకోవడం రాదు.

ఏడెనిమిదేళ్ల పిల్లాడితో ఒకావిడ వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది, తెల్లావిడ. సంచి తీసి చేతిలో పెట్టి, ఇది ఎలా వండాలో చెప్తానన్నాను. ఆవిడ నవ్వి తనే నాకు చెప్పింది. బఠాణీ బద్దలు నానేసి, పంది ఎముక వేసి, క్యారెట్టు, ఉల్లిపాయ తరిగి రెండు గంటలు సన్నసెగ మీద ఉంచాలి. అడుగంటకుండా చెక్క గరిటెతో తిప్పుతుండాలి. వాళ్ల అమ్మమ్మ చలికాలమంతా అదే చేసేది. చెప్పినంతసేపు గరిటె తిప్పినట్టే చెయ్యి తిప్పింది. తర్వాత సంచి బల్ల మీద పెట్టేసింది.

"నాకు స్టవ్ లేదమ్మా" అంది.

అద్దె పెంచితే కట్టలేక ఇల్లు ఖాళీ చేసింది. రూట్ 22 మీద మోటెల్లో వారం లెక్కన గది. గదిలో మైక్రోవేవ్, కాఫీ మెషీను, అంతే. నూడిల్స్‌కు నీళ్లు కాఫీ మెషీనులోనే కాస్తుంది. డబ్బాలు కూడా పైన రింగు ఉన్నవే తీసుకుంటుంది, ఎందుకంటే డబ్బా కోసే కత్తి ఎక్కడో పెట్టెల్లో ఉండిపోయింది. పొద్దున ఆరింటికి ముసలివాళ్ల ఇళ్లలో పనికి వెళుతుంది. నెలకు ఆ మోటెల్‌కు కట్టేది లెక్కేస్తే పాత ఇంటి అద్దె కంటే ఎక్కువే. కొత్త ఇంటికి అడ్వాన్సు ఒకేసారి కట్టే డబ్బు చేతికి రాదు, అందుకని ఎక్కువ ఖర్చుపెట్టి అక్కడే ఉంటోంది.

ఈ మాట గుడి వ్యవహారాలు చూసే వార్డెన్‌గారితో చెప్పాను. ఆవిడకు కొత్తేమీ కాదు. గోడ మీది బోర్డు చూపించింది, రింగు డబ్బాలు అని ఎప్పటి నుంచో రాసి ఉంది. విరాళాలిచ్చేవాళ్లు ఇంట్లో మిగిలినవి ఇస్తారు, మోటెల్ గదికి పనికొచ్చేవి కావాలంటే కొనాల్సిందే, కొనాలంటే ఆ బాయిలర్ డబ్బే ఉంది అంది.

ఇంటికెళ్లి మా అమ్మాయి మైక్రోవేవ్‌లో పప్పు ఉడికించి చూశాను. మొదటిసారి పొంగి లోపలంతా పసుపు. మా అల్లుడు ఏమీ అనలేదు గానీ తుడుస్తూ "అత్తయ్యా, కుక్కర్ ఉంది కదా" అన్నాడు. ఇంకోసారి పెద్ద గిన్నెలో, మూత వారగా పెట్టి, మధ్యమధ్య ఆపి కలుపుతూ పెడితే మసూర్ పప్పు ఇరవై నిమిషాల్లో మెత్తగా అయింది. బఠాణీ బద్దలు మాత్రం రాయిలాగే ఉన్నాయి, అవి స్టవ్ ఉన్నవాళ్లవే. ఇంట్లో వండి తెచ్చింది పంచకూడదని వాళ్ల పద్ధతి కాబట్టి, మరుసటి గురువారం గుడి వంటగదిలోనే, అక్కడి మైక్రోవేవ్‌లోనే ఉప్పు, పసుపు వేసి ఒక గిన్నె చేసి బల్ల మీద పెట్టాను. అప్పటికి ముందురోజు రాత్రే, నవంబర్ 12న, షట్‌డౌన్ ముగిసింది. లైను మాత్రం తగ్గలేదు.

మోటెల్లో ఉండే ఆవిడ వచ్చింది. చెంచాతో రుచి చూసి, మిరియాలు లేవా అని అడిగి, ఎన్ని నిమిషాలో చేతి మీద పెన్నుతో రాసుకుని ఒక సంచి తీసుకుంది. పిల్లాడు గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. వాడికోసం మాకరోని చీజ్ డబ్బాలు రెండు అడిగింది. ఒక్కొక్కరికి ఒకటే అని ఆ బల్ల దగ్గరున్న డాక్టరమ్మ చెప్తుంటే, నా వంతుది వాడికివ్వండి అన్నాను. నాకు వంతు లేదట. అయినా రెండూ ఇచ్చింది.