పొగగొట్టంలో ఒంటి బూటు

ఇంగ్లండ్‌లో, ఎసెక్స్ జిల్లా హాల్‌స్టెడ్ దగ్గర ఒక పాత కట్టె ఇంటికి మరమ్మతు చేస్తున్నాం. పేరుకు నేను సైట్ ఇంజినీర్‌ని. కొలతలు రాయాలి, ఫోటోలు తీయాలి, సాయంత్రానికి రిపోర్టు పంపాలి. పొయ్యి పైన ఇటుకలు విప్పుతున్న మేస్త్రి లోపలికి చెయ్యి పెట్టి నల్లటిదేదో తీశాడు. మసి దులిపితే చిన్నపిల్లల బూటు. ఒక్కటే. తోలు ఎండి అప్పడంలా బిగుసుకుపోయింది. మడమ ఒక పక్కకు అరిగింది. లోపల బొటనవేలి గుంట అట్లాగే ఉంది.

"చెత్తలో వేయనా?" అన్నా. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి, నన్ను ఎగాదిగా చూశాడు.

పాత ఇళ్లలో ఇట్లా బూట్లు దొరకడం ఇక్కడ మామూలేనట. నార్తాంప్టన్ మ్యూజియం 1950ల నుంచి వాటికో పద్దు రాస్తోంది. ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లెవరూ రాసిపోలేదు. తలుపుకైతే గడియ ఉంది, పొగగొట్టానికి లేదు కదా! అటునుంచి దిగే చెడును ఆపడానికని పరిశోధకుల ఊహ. పద్దులో పంతొమ్మిదో శతాబ్దపు బూట్లు బోలెడు. అప్పటికి మంత్రగత్తె అన్న నేరమే చట్టంలో లేదు. 1736లోనే తీసేశారు. ఆ తర్వాత శిక్షంతా నాకు మంత్రాలొచ్చని చెప్పుకునేవాళ్లకే. జడ్జీలకు నమ్మకం పోయింది కానీ, ఇరుగుపొరుగుకు ఎక్కడ పోయింది? 1751లో ట్రింగ్ దగ్గర రూత్ ఆస్బోర్న్ అనే ముసలమ్మను గుంపు నీళ్లలో ముంచి చంపింది. ముందుండి చేయించిన థామస్ కాలీని ఉరి తీశారు.

టీ తాగుతూ మేస్త్రి తన ఊరి సంగతి చెప్పాడు. ఆ ఊరు సిబుల్ హెడింగమ్, ఇక్కడికి దగ్గరే. అక్కడ 1863లో ఎనభై ఏళ్ల ముసలాయన ఒకడు గుడిసెలో ఉంటూ జాతకాలు చెప్పేవాడు. చెవుడు, మాట రాదు. సైగలే. నాకు చేతబడి చేశాడని ఎమ్మా స్మిత్ అనే ఆవిడ ఆయన మీద పడింది. తీసెయ్యమని నిలదీసింది. ఆయనకు ఏం అర్థమైందో, ఏం సైగ చేశాడో! ఆవిడా, శామ్యూల్ స్టామర్స్ అనే మనిషీ కలిసి వాగులో తోశారు. జనం చూస్తూ నిలబడ్డారు. నెల తిరిగేసరికి ముసలాయన పోయాడు. ఇద్దరికీ ఆరేసి నెలల కఠిన శిక్ష పడింది. రైళ్లు తిరుగుతున్న కాలం అది.

మా దిక్కు చేతబడి అనుమానం వస్తే పండ్లూడగొట్టిన సంగతులు చిన్నప్పుడు విన్నాను. పండ్లు లేకుంటే మంత్రం పలకదని. హెడింగమ్‌లో అసలు నోరే లేని మనిషిని కూడా వదల్లేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఫోటో చూపిస్తే సిద్దిపేటలో మా అమ్మ అడిగిన మొదటి మాట, "ముట్టుకున్నవా బిడ్డా? ఎవరిదో ఏమో, చేతులు కడుక్కోకపోయినవ్?"

అప్పటికే రెండుసార్లు కడుక్కున్నాను. మసి కదా మరి.

మర్నాడు ఇంటి యజమానురాలు వచ్చింది. రిటైరైన కెమిస్ట్రీ టీచర్. నవ్వింది, బూటును అటూ ఇటూ తిప్పి ఫోటో తీసుకుంది. తర్వాత మెల్లగా, ఉన్నచోటే పెట్టేయండి అంది. నమ్ముతారా అని అడిగాను.

"అబ్బే. అయినా ఎందుకొచ్చిన గొడవ?"

హైదరాబాద్‌లో మా అన్న సాఫ్ట్‌వేర్ మనిషి. ఫ్లాట్ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతుంటుంది. అడిగితే వాడిదీ ఇదే జవాబు.

మేస్త్రి బూటును పాత చోటులోనే, మొన ఏ వైపుందో ఫోటోలో చూసుకుని మరీ, పెట్టాడు. సున్నం కలిపి ఇటుక బిగించాడు. నేను రిపోర్టులో రాశాను: "తోలు బూటు, ఒకటి. యథాస్థానంలో ఉంచాం."