‘లేదు’ అని టిక్కు పెట్టేశాక

2024 వేసవిలో మా కంపెనీకి పదహారు పేజీల ఫారం ఒకటి వచ్చింది. మాది భీమవరంలో చెత్త ఎత్తే కంపెనీ. మునిసిపాలిటీ చెత్త కాదు. రొయ్యల ప్లాంట్లు, కల్యాణ మండపాలు, అపార్టుమెంట్లు మా పార్టీలు. రొయ్య తలకాయలు, పొట్టు వేరేవాళ్ళు పట్టుకుపోతారు. మాకు మిగిలేది చినిగిన అట్టపెట్టెలు, థర్మాకోలు, ప్లాస్టిక్ కవర్లు, వాడి పారేసిన గ్లవ్స్. అవన్నీ ఉండి అనే ఊరికి వెళ్ళే రోడ్డులోని మా షెడ్డుకు చేరతాయి. అక్కడ వేరుచేసి, బేళ్ళు కట్టి లారీ ఎక్కిస్తారు. నేను కంపెనీలో లెక్కలు చూస్తాను. హెచ్‌ఆర్ కూడా నేనే, ఇంకెవరూ లేరు కాబట్టి.

ఫారం పంపింది ఒక రొయ్యల ప్లాంటు. ఆ ఏడాది మార్చిలో మన రాష్ట్రంలోని రొయ్యల పరిశ్రమలో పనివాళ్ళ పరిస్థితి మీద అమెరికాలో పెద్ద కథనాలు వచ్చాయి. అక్కడ కొనేవాళ్ళు ప్లాంట్లను అడగడం, ప్లాంట్లు మాలాంటి కాంట్రాక్టర్లను అడగడం మొదలైంది. ఇదంతా జాలితోనే అనుకోకండి. వెట్టితో తయారైన సరుకును అమెరికాలో దిగనివ్వకూడదని 1930 నాటి చట్టమే చెబుతోంది. బ్రిటన్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం, అక్కడ వ్యాపారం చేస్తూ ఏడాదికి కనీసం 3.6 కోట్ల పౌండ్ల టర్నోవరు ఉన్న కంపెనీ, తనకు సరుకిచ్చే వాళ్ళ దగ్గర వెట్టి లేకుండా ఏం చేస్తోందో ఏటా ప్రకటించాలి. లండన్‌లో ఎవరో రాయాల్సిన ఒక పేరా కోసం ప్రశ్న మా ఉండి రోడ్డు దాకా దొర్లుకుంటూ వచ్చిందన్నమాట.

మొదటి ప్రశ్నే అది. మీ సంస్థలో గానీ, మీకు సరుకును, మనుషులను ఇచ్చేవాళ్ళ దగ్గర గానీ నిర్బంధ చాకిరీ ఉందా? ‘లేదు’ అని టిక్కు పెట్టేశాను. మా డ్రైవర్లకు పీఎఫ్ ఉంది, ఈఎస్‌ఐ ఉంది, జీతం ఐదో తారీకుకల్లా బ్యాంకులో పడుతుంది. అరగంటలో ఫారం నింపేసి భోజనానికి వెళ్ళాను.

మర్నాడు ప్లాంటు నుంచి ఒకావిడ ఫోను. “మేడమ్, గ్లవ్స్ ఎక్కడ కొంటున్నారో రాయలేదు. షెడ్డులో పనిచేసేవాళ్ళ లిస్టు కూడా లేదు.”

గ్లవ్స్ సంగతి ముందు చూద్దామని కొట్టుకు వెళ్ళాను. పెట్టె మీద మలేషియా అని ఉంది. 2021లో ఒక పెద్ద మలేషియా కంపెనీ గ్లవ్స్‌ను అమెరికా తన రేవుల్లోనే ఆపేసింది. అక్కడ పనిచేసే బంగ్లాదేశ్, నేపాల్ కుర్రాళ్ళు ఉద్యోగం కోసం అప్పు చేసి ఏజెంట్లకు కట్టిన డబ్బే వాళ్ళ మెడకు ఉరి అయింది. కంపెనీ ఆ ఫీజు పనివాళ్ళకు తిరిగి చెల్లించాకే నిషేధం ఎత్తేశారు. ఇదంతా కొట్టాయనకు చెబితే, “చేతికి పట్టాయా లేదా చూసుకోండమ్మా, మలేషియా గొడవ మనకెందుకు” అన్నాడు. కంపెనీ పేరు రాసుకుని వచ్చేశాను. చేసింది అంతే. అక్కడిదాకా వెళ్ళి చూసే శక్తి మాకు లేదు, ఆ మాటే ఫారంలో రాశాను.

షెడ్డు అలా కాదు, ఆఫీసు నుంచి స్కూటీ మీద పావుగంట. అయినా ఆ షెడ్డులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. మేం మేస్త్రీకి టన్నుకు ఇంత అని ఇస్తాం. మనుషులను తెచ్చుకోవడం, వాళ్ళకు కూలి ఇవ్వడం అతని పని. నా పుస్తకంలో అది ‘సార్టింగ్ ఖర్చు’ అనే ఒక్క లైను.

వెళ్ళి చూస్తే పద్నాలుగు మంది. అందరూ ఒడిశా, రాయగడ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ వైపు వాళ్ళకు తెలుగు బాగానే వచ్చు. “మిమ్మల్ని ఎవరైనా బలవంతంగా పనిచేయిస్తున్నారా?” అని ఫారంలో ఉన్నట్టే అడిగాను. అందరూ లేదన్నారు. మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు మరి. ఆ ప్రశ్న అలా అడగడం ఎంత తెలివితక్కువో తర్వాత అర్థమైంది. ఆధార్ కార్డులు చూపించమన్నాను, లిస్టు రాసుకుందామని. ఎవరూ కదల్లేదు. మేస్త్రీ లోపలికి వెళ్ళి ఒక ట్రంకు పెట్టె తెచ్చాడు. తాళం తీస్తే అడుగున రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. “ఎలకలు కొడతాయండి మేడమ్ గారూ, జాగ్రత్తకే పెట్టానండి” అన్నాడు. కార్డుల కింద రూల్డు నోటుబుక్కు ఒకటి ఉంది. జాగ్రత్త సంగతి తర్వాత, ముందు అదివ్వమన్నాను.

పాతవాళ్ళవీ కలిపి, ఒక్కో జంటకు ఒక్కో పేజీ. పదకొండో పేజీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. సంక్రాంతి వెళ్ళాక అడ్వాన్సు 25,000. రైలు 900. ఆసుపత్రి 3,200. చెప్పులు 180. ప్రతి శనివారం బియ్యం, నూనె, మేస్త్రీ తమ్ముడి కిరాణా కొట్టులోంచి. గది అద్దె. ‘నాగా 2 రోజులు, 600’. పని మానేసిన రోజు కూలి ఎలాగూ రాదు కదా, మళ్ళీ ఈ ఆరువందలేమిటన్నాను. నాగా పెడితే జరిమానా అట. ఐదు నెలలు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేశాక పేజీ చివర గీత గీసి రాసిన బాకీ 27,460. వచ్చిన రోజు కన్నా ఎక్కువ.

మా నాన్న పదకొండేళ్ళు ఒకే కామందు దగ్గర పాలేరు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. ప్రతి ఉగాదికీ మా అమ్మ ‘ఈ ఏడు బయటపడతాం’ అనేది, ప్రతి ఉగాదికీ నా జ్వరాలో అక్క పెళ్ళో ఆ పుస్తకంలో ఎక్కి ఉండేవి. కామందు చెడ్డవాడేం కాదు, పండక్కి బట్టలు పెట్టేవాడు. అందుకే నేను లెక్కలు నేర్చుకున్నానని అందరికీ గొప్పగా చెబుతుంటాను. అలాంటి పుస్తకం నడవడానికి నెలనెలా చెక్కు మీద ఓనర్ సంతకం పెట్టించి పంపుతున్నది నేనే.

తెలిసిన లాయరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన వరసగా చెప్పుకుంటూ పోయారు. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం మనిషిని పనికి కట్టిపడేసే అప్పు అసలు అప్పే కాదు, చెల్లదు. దాన్ని వసూలు చేసుకోవడమే నేరం. వెట్టిలో ఉన్నానని పనివాడు అంటే, కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ చాకిరీయే అని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు బాగా గుచ్చుకున్నది మాత్రం అప్పట్లో అమల్లో ఉన్న 1979 వలస కార్మికుల చట్టం. దాని ప్రకారం ఊరు వదిలి వచ్చినందుకు మేస్త్రీయే నెల కూలిలో సగం అదనంగా ఇవ్వాలి, తిరిగి తీసుకోకూడదు. రానూపోనూ ఛార్జీలు అతనివే. ప్రయాణం చేసిన రోజులకూ కూలి కట్టివ్వాలి. అతను ఇవ్వకపోతే ఇవ్వాల్సింది పని ఇచ్చిన మేం. చట్టం ఇమ్మన్న డబ్బునే మా పుస్తకం బాకీగా రాసింది.

“కట్టేసి కొడితేనే వెట్టి అనుకున్నావా అమ్మా? వెళ్తానంటే ఎంత కట్టి వెళ్ళమంటారో అడుగు, చాలు” అన్నారాయన.

మా ఓనర్ గారు మంచివారే గానీ భయస్తులు. ఆర్డీఓ ఆఫీసుకు మనమే లెటర్ ఇద్దామంటే, “కొరివితో తల గోక్కుంటామా అమ్మా?” అన్నారు. రెండు రోజులు ఆఫీసులో ఒకటే టెన్షన్. మేస్త్రీని మార్చేస్తే సరిపోదా అన్నారు. కొత్త మేస్త్రీ కూడా ట్రంకు పెట్టెతోనే వస్తాడన్నాను. చివరికి ఆయనను కదిలించింది నా వాదన కాదు, ప్లాంటు కాంట్రాక్టు పోతుందన్న లెక్క. పోనీలెండి, ఏదైతేనేం.

లెటర్ ఇచ్చాం. వాళ్ళు వచ్చి పనివాళ్ళతో విడిగా మాట్లాడి వెళ్ళారు. విచారణ వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి అందులోకి ఇక్కడ వెళ్ళను. మా వైపు నుంచి కార్డులు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం. టన్ను లెక్క మానేసి పద్నాలుగు మందినీ మా రోల్స్‌లోకి తీసుకున్నాం. నోటుబుక్కులో బాకీలన్నీ కొట్టేశాం. ఐదు నెలలకూ కనీస వేతనం కట్టి, అందిన డబ్బు తీసేసి, తేడా ఇచ్చాం.

చెప్పినంత తేలిక కాలేదు. బ్యాంకు ఖాతాలకే నాలుగు వారాలు పట్టింది. కొందరి ఆధార్‌కు లింకైన నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది. జీతం ఇద్దరి పేరునా కలిపి మొగుడి ఖాతాలో వేయమని ముగ్గురు అడిగారు, కుదరదన్నాను. బాకీ కొట్టేశామంటే సంతోషిస్తారనుకున్నాను. పదకొండో పేజీ ఆవిడ మాత్రం నన్ను పక్కకు పిలిచి, “అక్కా, ఇంక ఆసుపత్రికి డబ్బు ఎవరిస్తారు?” అంది. మేస్త్రీ అర్ధరాత్రి అయినా ఇచ్చేవాడట. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈఎస్‌ఐ ఉంది కదా అంటే, అదేంటంది. అందరికీ నంబర్లు తీయించి ఆసుపత్రి ఎక్కడో తీసుకెళ్ళి చూపించాను. తర్వాత ఐదు వేల దాకా వడ్డీ లేని చేబదులు పెట్టాం. మధ్యలో వెళ్ళిపోతే అడగకూడదని రాసి మరీ పెట్టాం.

ఫారం మళ్ళీ నింపాను. మొదటి ప్రశ్నకు ‘ఉంది’ అని రాసి, ఏం చేశామో రెండు పేజీలు జతచేశాను. సాయంత్రానికే ఫోను. “మేడమ్, ఉంది అని రాస్తే ఎలాగండీ? మిగతా నలభై మంది కాంట్రాక్టర్లూ లేదనే రాశారు.” ఆవిడ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. వాళ్ళందరూ ట్రంకు పెట్టెలు తెరిపించి చూశారా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాంట్రాక్టు అయితే పోలేదు, ఇంకో ఆరు నెలలకు మళ్ళీ చూస్తామన్నారు.

జూలైలో ఒక సోమవారం పదకొండో పేజీ వాళ్ళిద్దరూ పనిలోకి రాలేదు. గది ఖాళీ. ఊళ్ళో నాట్లు మొదలయ్యాయట, ఆదివారం రైలెక్కేశారు. ఓనర్ గారు “చూశావా, చెప్పాపెట్టకుండా పోయారు” అన్నారు. పుస్తకం తీసి చూశాను. చేబదులు ఏమీ తీసుకోలేదు. మేమే ఆవిడకు ఆరు రోజుల కూలి బాకీ ఉన్నాం. మధ్యాహ్నానికి ఖాతాలో వేసేశాను.