తెలావిలో దిగిన రోజు

జార్జియా రాజధాని తిబిలిసిలో దిగాం గానీ మా పెట్టె రాలేదు. రెండో రోజుకూ రాలేదు. కట్టుబట్టలతోనే మూడో రోజు ఉదయం మా ఆయన, నేను సిగ్నాగి అనే ఊరికి వెళ్లే వ్యాను అనుకొని ఒకటి ఎక్కాం. జార్జియా లిపి మన అక్షరాల్లాగే గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది కానీ ఒక్క ముక్క చదవలేం. కొండదారంతా తిప్పి మమ్మల్ని తెలావి అనే వేరే ఊళ్లో దింపారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మా అవస్థ చూసిన ఒక పెద్దావిడ సైగలతోనే తన ఇంటికి పిలుచుకెళ్లింది. వెనక గదిలో మెడ దాకా నేలలో పాతిన మట్టి బానలు! వైన్ చేసే ఈ బానల్ని క్వేవ్రీ అంటారు. లోపల తేనెమైనం పూస్తారు. తెల్ల ద్రాక్షరసాన్ని తొక్కలు, గింజలతో సహా నెలల తరబడి అందులోనే ఉంచుతారు. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆవిడ ఎండిన సొరబుర్రకు కర్ర బిగించిన గరిటెతో వైన్ తోడింది. మా అమ్మమ్మ ఊరగాయ జాడీకి కట్టిన వాసెన విప్పేటప్పటి శ్రద్ధే ఆ చేతుల్లో కనిపించింది. ర్కాట్సితెలి ద్రాక్షతో చేసిన ఆ వైన్ తేనెరంగులో ఉంది. తీపి లేదు. ముందు వగరు, తరవాత ఎండు ఆప్రికాట్ వాసన, చివర అక్రోటు పొట్టు చేదు. అంత నిండైన రుచి నేనెక్కడా చూడలేదు. "గౌమర్జోస్" (అంటే చీర్స్) అంటూ ఆవిడ గ్లాసు ఎత్తింది.

నాలుగో రోజు పెట్టె వచ్చింది, పట్టీ తెగిపోయి. సిగ్నాగి మాత్రం చూడనే లేదు.