చందవరం రాయి, నా ఉద్యోగం

సంక్రాంతికి ఇంటికొచ్చి పది రోజులైంది. దొనకొండ స్టేషన్లో దిగిన కాడ్నుంచి ఎదురుపడిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, ఏం పని చేస్తన్నావమ్మా ఆస్ట్రేలియాలో అని. మ్యూజియంలో అంటే సగం మందికి హైదరాబాద్ సాలార్‌జంగ్ లో గంట కొట్టే గడియారం గుర్తొస్తది, మిగతా సగం మంది సాఫ్ట్‌వేర్ కాదా అని మా నాయన మొహం చూస్తారు. మా పెదనాయన ఒక్కడే వసారాలో మంచం మీద కూర్చుని అసలు ప్రశ్న అడిగాడు. "టికెట్ లేదంటివి, లాభం చూసుకోరంటివి, మరి నీకు జీతం యాడ్నుంచి వస్తందే?"

ఆయనకి చెప్పిందే ఇక్కడ కూడా చెప్తా. నేను పని చేసేది విక్టోరియా రాష్ట్రంలో ఒక చిన్న టౌన్లో ఉండే ఆర్ట్ మ్యూజియంలో. లోపలికి రావడానికి పైసా కట్టక్కర్లా. టౌన్ కౌన్సిల్ కొంత ఇస్తది, ప్రభుత్వ గ్రాంట్లు కొన్ని, మెంబర్లు కట్టే చందా, చనిపోయేవాళ్ళు వీలునామాలో రాసిచ్చిన డబ్బు, తలుపు దగ్గర పెట్టిన పెట్టెలో జనం వేసే నోట్లు, ఇవన్నీ కలిపి నడుస్తది. లాభాపేక్ష లేదంటే డబ్బు రాదని కాదు పెదనాయనా, ఖర్చులు పోను మిగిలింది ఎవరి జేబులోకీ పోదు, మళ్ళీ ఆ బొమ్మల మీదకే, పిల్లల క్లాసుల మీదకే పోతది అని చెప్పా. "దేవుడి మాన్యం మాదిరన్నమాట" అన్నాడు. సరిగ్గా అదే, నాకిన్నేళ్ళు ఆ మాట తట్టలా.

ఆ ప్రాంతమంతా ఒకప్పుడు బంగారం గనులు. గనుల మీద డబ్బు రాగానే ఆ ఊళ్ళు కట్టుకున్న వాటిలో ఆర్ట్ గ్యాలరీలు కూడా ఉన్నాయి, బలరాట్ లో 1884 లో, బెండిగోలో 1887 లో, ఇవాళ్టికీ నడుస్తన్నాయి. ఇది తెలిసిన రోజు నాకు చీమకుర్తి గుర్తొచ్చింది. బ్లాక్ గెలాక్సీ రాయి, నల్ల రాయిలో బంగారం పొట్టు చల్లినట్టు మెరిసేది, మన దగ్గరే తవ్వి దేశదేశాలకి పంపుతన్నాం, ఆ డబ్బులో కొంచెం పెట్టి ఒంగోల్లో పిల్లలు ఊరికే పోయి బొమ్మలు చూసే చోటు ఒకటి కట్టుకుంటే ఎంత బాగుండేది. ఇది నాకు నిజంగా బాధ.

నేను మొదట చేరింది బొమ్మల కోసం కాదు, రాత్రి పూట ఊడవడానికి. మా ఆయన వీసా మీద వెళ్ళా, ఇక్కడ చదివిన బీఈడీ అక్కడ చెల్లలా, ఒక కాంట్రాక్టరు కింద క్లీనింగ్ పని దొరికింది. గంటలు ఎక్కువ చేయించి తక్కువ రాసేవాడు, ఆరు నెలలు అట్టాగే పోయింది. కానీ ఆ రాత్రుల్లోనే, హాల్లో లైట్లన్నీ తీసేసి ఒక్క లైటే ఉన్నప్పుడు, నేను తుడిచే నేల పక్కన గోడకి వేలాడేది ఏందో చూడటం మొదలుపెట్టా. తర్వాత మ్యూజియం వాళ్ళే హాలు చూసుకునే ఉద్యోగం పడితే అప్లై చేశా. నాయనకి చెప్తే "కాపలానా అమ్మాయ్?" అన్నాడు. అవును నాయనా కాపలానే, కానీ మనుషుల నుంచి ఒక్కటే కాదు, వెలుతురు నుంచి, చెమ్మ నుంచి, పురుగు నుంచి కూడా.

పాత నేత బట్టల మీద, కాగితం మీద వేసిన పాత బొమ్మల మీద 50 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క అది) కంటే ఎక్కువ వెలుతురు పడనియ్యరు. మన ఆఫీసు గదిలో వెలుతురు దానికి ఆరేడు రెట్లు ఉంటది. అందుకే ఆ హాలు మసకగా ఉంటది, వచ్చినవాళ్ళు విసుక్కుంటారు, లైట్లు పోయాయా అని అడుగుతారు. లేదండీ, రంగు ఒకసారి వెలిసిందంటే ఏ డాక్టరూ తిరిగి తేలేడు, మీ మనవరాలు కూడా చూడాలి కదా అని చెప్తా. కొన్ని నెలలు బయట పెట్టి మళ్ళీ చీకట్లో, యాసిడ్ లేని కాగితంలో ఏళ్ళ తరబడి పడుకోబెడతారు. గాలిలో తేమ యాభై శాతం అటూఇటూ ఉండాల, హఠాత్తుగా మారకూడదు. మూలల్లో జిగురు అట్టలు పెట్టి వారానికోసారి ఎన్ని పురుగులు అంటుకున్నాయో లెక్క రాస్తాం, సిల్వర్‌ఫిష్ ఒకటి కనబడినా గోల. మా అమ్మమ్మ పట్టు చీరల మధ్య వేపాకు వేసి, మడతలు మార్చి మార్చి పెట్టేది, అదీ ఇదీ ఒకటే చదువు.

గోడకున్నది చూసి మ్యూజియం అంటే ఇంతే అనుకుంటాం కానీ చాలా వరకు సరుకు లోపల గోదాములోనే ఉంటది. ప్రతి దానికీ ఒక నంబరు, ఫోటో, కొలతలు, ఎక్కడ పగిలింది ఎక్కడ గీత పడింది అని రాసిన కాగితం. వేరే ఊరికి అరువు ఇచ్చేటప్పుడు పోయే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి ఆ కాగితం పట్టుకుని సరిచూస్తారు. బడి పిల్లలు వస్తారు, వాళ్ళని నేల మీద కూర్చోబెట్టి ఒకే బొమ్మ ముందు ఇరవై నిమిషాలు మాట్లాడిస్తారు. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళకి వేరే రోజు. పోయిన ఏడాది ఒక ముసలామె కూతురి పేరు చెప్పలేకపోయింది గానీ గుర్రం బొమ్మ చూసి చిన్నప్పుడు వాళ్ళ పొలంలో గుర్రం పేరు టక్కున చెప్పింది, ఆ కూతురు బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. మా పనికి లాభనష్టాల చిట్టా రాస్తే ఇది ఏ పద్దు కింద రాయాల.

ఇక చందవరం సంగతి. ఒకరోజు స్టాఫ్ కి ట్రైనింగ్ పెట్టారు, ఒక వస్తువు కొనే ముందు అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఎట్టా తేల్చాల అని. తెర మీద కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీ కథ పెట్టారు. 1982 లో తెరిచింది, దేశం మొత్తానిది, అందరికీ ఉచితం. అట్టాంటి చోటే 2008 లో అయిదు మిలియన్ డాలర్లు పోసి చోళుల కాలం నటరాజు విగ్రహం కొన్నారు, తీరా చూస్తే అది తమిళనాడు శ్రీపురందాన్ గుళ్ళోంచి ఎత్తుకొచ్చింది. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎప్పుడో గుళ్ళో ఉండంగా తీసిన ఫోటో ఉండబట్టి పట్టుబడింది, 2014 లో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా ఢిల్లీ తెచ్చి ఇచ్చాడు. దాని తర్వాత ఇంకో స్లైడు. సున్నపురాయి పలక, బుద్ధుడికి మొక్కుతున్న జనం, మూడో శతాబ్దం, 2005 లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నారు, 2016 లో తిరిగి ఇచ్చేశారు. అది దొరికిన ఊరి పేరు ట్రైనింగ్ ఇచ్చే ఆమె ఏదో వంకరగా పలికింది, నేను మళ్ళీ చదవమన్నా. చందవరం.

మా ఊరి నుంచి బండి మీద పోతే ఎంతో దూరం లేదు. గుండ్లకమ్మ ఏటి పక్కన కొండ, పైన బౌద్ధ స్తూపం, 1964 లో బయటపడింది. ఎనిమిదో తరగతిలో మా సారు లారీలో తీసుకుపోయాడు, పులిహోర తిని రాళ్ళ మీద కూర్చుని ఫోటో దిగి వచ్చాం, ఆ రాళ్ళ మీద ఏముందో నేను కళ్ళు పెట్టి చూడలా. మా నాయన చిన్నప్పుడు ఆ గుట్ట చుట్టూ మేకలు తోలాడు. ఆ రాయి మా కళ్ళ ముందు నుంచి దొంగల చేతుల్లో పడి సముద్రాలు దాటి, మసక వెలుతుర్లో తేమ కొలిచే మిషన్ పక్కన పదకొండేళ్ళు నిలబడింది, దానికి నాలాంటి వాళ్ళు ఎవరో కాపలా కాశారు, నాకు మాత్రం తెలియను కూడా తెలియదు. ఆ గదిలో సిగ్గుతో తల ఎత్తలేకపోయా. కోపం కూడా వచ్చింది, కాగితాలు సరిగ్గా చూడకుండా అంత డబ్బు పోసినందుకు. కానీ తప్పని తేలాక తిరిగిచ్చారు, 2021 లో ఇంకో 14 వస్తువులు ఇస్తామని చెప్పారు, అది నేను గౌరవిస్తా.

2022 లో ప్రాగ్ నగరంలో ప్రపంచ మ్యూజియంల సంఘం ఐకామ్ వాళ్ళు మ్యూజియం అంటే ఏందో కొత్తగా రాసుకున్నారు, లాభాపేక్ష లేకుండా సమాజం సేవ కోసం ఎప్పటికీ ఉండే సంస్థ అని మొదలైతది అది. సమాజం అంటే టికెట్ లేకుండా లోపలికొచ్చేవాళ్ళే కాదు, ఆ వస్తువు ఎవరి గుట్ట మీద నుంచి వచ్చిందో వాళ్ళు కూడా అని నేను అనుకుంటా.

మొన్న కనుమ మర్నాడు నాయన్ని బండెక్కించుకుని చందవరం పోయొచ్చా. వచ్చాక ఊరి చివర పోలేరమ్మ చెట్టు కింద రెండు వీరగల్లులు (పోరులో పోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), ఒక నాగప్రతిమ ఉంటే, టేపు, నోటుబుక్కు, ఫోను తీసుకుని పోయాం. మా మ్యూజియంలో చేసినట్టే ముందు నుంచి, వెనక నుంచి, పక్కల నుంచి ఫోటోలు తీశా, పక్కన అడుగు స్కేలు పట్టుకుని నాయన కూర్చున్నాడు. ఎత్తు, వెడల్పు, మందం రాశా. గుర్తుపట్టే ఆనవాళ్ళు అని ఒక గడి ఉంటది, అక్కడికొచ్చేసరికి వీరుడి కుడి చెవి విరిగి ఉంది.

"ఎప్పుడు విరిగింది నాయనా?"

"మా నాయన బండి తిప్పుతా ఇరుసు తగిలించాడంట, నేనింకా పుట్టలా. అపచారం అని మూడు మంగళవారాలు పొంగళ్ళు పెట్టిందంట మా అమ్మ."

అది కూడా రాసుకున్నా. నాయన కళ్ళజోడు పెట్టుకుని నేను రాసింది ఒకసారి చదివి, "మూడు కాదమ్మాయ్, అయిదు మంగళవారాలు" అని దిద్దించాడు.